జంపక్క పేరున ఎర్ర డబ్బా

జంపక్క కంచం, చెంబు సోమవారమే చూరు కిందికి చేరాయి. ఇవాళ శుక్రవారం, పొద్దున్నే చాప కూడా వచ్చి వాకిట్లో పడింది.

పడేసింది అత్త ముత్తక్క. కోడలంటే గిట్టక కాదు. తొమ్మిది నెలల మనవరాలికి ఆ దగ్గు జబ్బు ఎక్కడ అంటుకుంటుందోనన్న భయం ఆమెను నాలుగు రోజులుగా ఒక చోట కూర్చోనివ్వడం లేదు.

"మీ అన్న ఆటో దీస్కొని వచ్చిండు గదా, పో. నయమైనంక రా. రావొద్దని నేనన్ననా? పొల్లను మాత్రం నా కాడ ఇడువు."

"పాలు దాగే పొల్ల, అత్తా."

"మేకపాలు లేవా ఏంది?"

జంపక్క మూట చంకన పెట్టుకుని గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో మొగుడు దూలయ్య నిలబడి ఉన్నాడు. ఒక భుజాన పాప, రెండో చేతిలో విల్లు. పెళ్ళాం చూపు తగలగానే అతను తల దించి వింటినారిని మహా శ్రద్ధగా పరీక్షించాడు. పొద్దుటి నుంచి ఆ నారిని పరీక్షించడం అది ఆరోసారి.

ఊళ్ళో డోలు మోగుతోంది. భూమి పండుగ. చేలో విత్తనం పడేముందు మగవాళ్లంతా మూడు రోజుల వేటకు అడవిలోకి పోయే రోజు. మూడేళ్లుగా ఆ గుంపుకు ముందు నడిచేది దూలయ్యే. ఈ ఏడు గుట్ట ఎక్కే సంగతి అటుంచి, విల్లు వంచేసరికే అతనికి ఊపిరి అందడం లేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు అతను. రెండోమనిషి మూట పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

అవును మరి, దగ్గు జంపక్కది కాదు. మార్చి నుంచి దగ్గుతున్నది దూలయ్య. సాయంత్రమైతే జ్వరం. నడుమున లుంగీ నిలవనంతగా చిక్కిపోయాడు. టేకులపల్లి సర్కారు దవాఖానలో చూపించుకోరాదా అని జంపక్క అడిగితే, "అది ఆడోళ్ల దవాఖాన. సూదులేయించుకునే పోరగాండ్లు, కడుపుతోని ఉన్నోళ్లు. ఆడ నాకేం పని?" అన్నాడు.

కిందటి నెల నర్సు సుజన, దగ్గున్నవాళ్ళకు తెమడ డబ్బాలు ఇవ్వడానికి ఊరికి వచ్చింది. అప్పుడు మొగుడూ పెళ్ళాం ఒక ఉపాయం చేశారు. పన్నింది అతను, ఒప్పుకున్నది ఆమె. డబ్బా తీసుకున్నది జంపక్క, పేరు రాయించుకున్నది జంపక్క, తెల్లవారి అందులో దగ్గి ఉమ్మింది దూలయ్య. ఆడదానికి దగ్గొస్తే మందిస్తారు, మగవాడికి దగ్గొస్తే గుంపు ముందు నుంచి వెనక్కి పంపుతారు అని అతని ఆలోచన. టీబీ అని తేలి, ఆర్నెల్ల మందున్న ఎర్ర డబ్బాతో నర్సు ఇంటికొచ్చాక, దాని మీద పేరు విని ముత్తక్క కోడలి కంచం బయట పెడుతుందని మాత్రం ఆ ఆలోచనలో లేదు.

సోమవారం నిజం గొంతు దాకా వచ్చింది. మింగాడు. మంగళవారం మళ్లీ మింగాడు. మాటలు మింగడం గోలీలు మింగడం కంటే సులువని ఈ నాలుగు రోజుల్లో అతనికి బాగా తెలిసొచ్చింది.

"బావా," అన్నాడు జంపక్క అన్న లచ్చయ్య, దడి దగ్గర నుంచి. "నా చెల్లెను ఇంట్లకెల్లి పంపుతుంటే నువ్వు విల్లు సక్కజేస్కుంట నిలవడితివి. ఒక్క మాటన్న అనవా?"

"ఎవ్వరు పంపుతున్రు బావా? నయమయ్యేదాకనే గదా."

"ఎవలికి నయమయ్యేదాక?" అంది జంపక్క.

పాప తండ్రి చెవి పట్టుకుని లాగింది. దూలయ్యకు దగ్గు తన్నుకొచ్చింది. పాప మెడ వంపులో ముఖం దాచుకుని దాన్ని రెండు పొడి దగ్గులతో సరిపెట్టాడు.

అప్పుడే దడి తలుపు తోసుకుని సుజన వచ్చింది. మధిర మనిషి, ఈ ఊళ్ళకు వచ్చి రెండేళ్లు. చెమటతో చీర వీపుకు అంటుకుపోయి ఉంది. సంచిలోంచి ఎర్ర డబ్బా తీస్తూనే మొదలుపెట్టింది.

"రోడ్డు మీద ఆడవాళ్ళు తాడు కట్టేశారు. పాట పాడితేగానీ వదల్లేదు నన్ను. జంపక్కా, ఇటు రా. ఇవాళ నా కళ్ళముందు మింగాల్సిందే. సోమవారం అన్నం తిన్నాక మింగుతానన్నావు, వదిలేశాను. బుధవారం టీకాల గోలలో నేనే చూడలేదు. రెండు రోజులూ చూశానని కార్డు మీద సంతకాలు మాత్రం పెట్టాను. ఇంక నావల్ల కాదు."

రోజు విడిచి రోజు మింగాల్సిన ఏడు గోలీలను సుజన జంపక్క అరచేతిలో పెట్టింది. అందులో ఒకటి ఎర్రటి గొట్టం మాత్ర. దాన్ని చూడగానే దూలయ్య గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

సోమవారం, బుధవారం ఆ ఏడేసి గోలీలను జంపక్క ఆకులో చుట్టి నీళ్లకుండ పక్కన పెట్టింది. మాటా పలుకూ లేకుండా. అతను తీసుకుని మింగాడు, మాటా పలుకూ లేకుండా. సోమవారం మధ్యాహ్నం ఇప్పచెట్టు వెనక్కి పోయి నిలబడ్డవాడు కిందికి చూసి కొయ్యబారిపోయాడు. ఒంటేలు ఎర్రగా పోతోంది. మంగళవారం సాయంత్రానికి తగ్గింది. బుధవారం మింగాడో లేదో, మళ్లీ ఎరుపు. ఇక అనుమానం లేదు, ఇది గోలీల పనే.

దానికి అతను చెప్పుకున్న కారణం వింటే నవ్వొస్తుంది గానీ, అతని ప్రాణానికి అది నవ్వులాట కాదు. డబ్బా ఆడమనిషి పేరున వచ్చింది. ఆడమనిషి ఒంటికి తగ్గట్టు ఇచ్చిన మందు మగవాడి ఒంట్లో పడి, నెలనెలా ఆడవాళ్ళకు అయ్యేదాన్ని తనకు తెచ్చిపెట్టింది. నాలుగు రోజులుగా అతను నలుగురు నిలబడే చోట నిలబడలేదు. దగ్గుతో చస్తే చచ్చాడంటారు. ఇలా చస్తే ఏమంటారు? ఆ ఏడు గోలీలు ఇవాళ జంపక్క చేతిలోంచి జారి పేడకుప్పలో పడితే బాగుండునని మనసులో మొక్కుకున్నాడు.

"మింగమ్మా. దేనికి జంకుతున్నావు? ఒంటేలు ఎర్రగా వస్తోందనా?"

జంపక్క తల అడ్డంగా ఊపింది. "నాకు రాట్లేదు."

"రావట్లేదా?" సుజన చేతిలో నీళ్ల చెంబు ఆగిపోయింది. "అదెట్లా? నీకు సోమవారమే చెప్పాను కదా. ఈ గొట్టం మాత్ర లోపలికి పోతే ఎవరికైనా ఎర్రగానే వస్తుంది. ఉత్త రంగు. రాలేదంటే మందు నీ కడుపులోకి పోలేదన్నమాట. ఏం చేశావు గోలీలు?"

"పారబోసినవా?" ముత్తక్క లేచింది. "నా మనవరాలికి అంటిద్దామని సూత్తున్నవా?"

"చావాలనున్నదా నీకు?" లచ్చయ్య చెల్లెలి రెక్క పట్టుకున్నాడు. "జెప్పు. ఏడ పారబోసినవ్?"

జంపక్క ఎవరి వంకా చూడలేదు. గోలీలున్న అరచెయ్యి మాత్రం అలాగే చాచి ఉంచింది.

ఆ అరుపుల్లో ఒక్కటీ దూలయ్య చెవిలో పడలేదు. అతని చెవిలో ఒకే మాట గింగురుమంటోంది. ఉత్త రంగు. నాలుగు రోజుల బరువు ఒక్కసారిగా గుండెల మీంచి దిగిపోయింది. సంతోషం ఆగలేదు.

"నెత్తురు గాదా నర్సమ్మా?" అన్నాడు గుమ్మం దిగి వస్తూ. "వట్టి రంగేనా?"

"రంగేనండీ."

"పానానికేం గాదు గదా? మొగతనానికి గిట్ల ఏం..."

"ఏమీ కాదు. మీకెందుకా భయం?"

"ఎందుకేంది? సోమారం సంది నాకు ఎర్రగ వస్తాంటే."

అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. కానీ నోరు జారిన మాటను ఏ వేటగాడు మాత్రం వెనక్కి పట్టుకొస్తాడు?

లచ్చయ్య చెల్లెలి చెయ్యి వదిలేశాడు. ముత్తక్క కోడలిని చూసింది, కొడుకుని చూసింది, మళ్లీ కోడలిని చూసింది.

"మీకెందుకు వస్తుంది?" సుజన గొంతు సన్నబడింది. "గోలీలు మీరు మింగారా? అంటే ఆ తెమడ..."

"నాదే."

"దగ్గు?"

"దగ్గు సుత నాదే. మార్చి నుంచి. నేనే దీన్ని అట్ల జెప్పుమన్న." తల దించుకుని, ఎర్రటి సంగతి, ఆడమనిషి పేరున వచ్చిన మందు సంగతి, ఇప్పచెట్టు వెనక భయం సంగతి అంతా చెప్పేశాడు. సగంలో లచ్చయ్య దడి వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వు ఆపుకున్నాడు. సుజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జంపక్క నవ్వలేదు.

"ఎర్రగ వస్తదని నీకు ముందుగాలనే ఎరికా?" అని అడిగాడు దూలయ్య.

"ఎరికే. సోమారమే జెప్పింది నర్సమ్మ."

"మరి నాకెందుకు జెప్పలే?"

"నువ్వడిగినవా? ఈ కంచం బయటికొచ్చినప్పటి సంది నా మొకం దిక్కు ఒక్కసారన్న జూసినవా?"

దానికి జవాబు ముత్తక్క దగ్గర ఉంది. ఆమె విసవిసా లోపలికి పోయి కొడుకు కంచం, చెంబు తెచ్చి చూరు కింద ధడేల్మని పెట్టింది. కోడలి కంచం తీసి కొంగుతో తుడిచింది. తుడుస్తూనే ఏడ్చింది.

"కంచాలతో అంటదమ్మా," అంది సుజన. "ఎవరి కంచమూ బయట పెట్టక్కర్లేదు. ఎదురుగా దగ్గితే అంటుద్ది. పసిపిల్లల ముఖం మీద దగ్గితే ఇంకా తొందరగా."

దూలయ్య భుజం మీది పాపను చూశాడు. నెలల తరబడి ఆ పిల్ల ఆ భుజం మీదే నిద్రపోయింది. ఇందాక ఆ లేత మెడలోనే దగ్గు దాచుకున్నాడు. సిగ్గు అంటే ఏమిటో అతనికి ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ దేన్ని చూసి సిగ్గనుకున్నాడో అది సిగ్గే కాదు. గబగబా వెళ్లి పాపను జంపక్క చేతుల్లో పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

"నడవండి," అంది సుజన గోలీలు మళ్లీ డబ్బాలో వేసి, సంచి సర్దుకుంటూ. "డాక్టరు గారు పన్నెండింటి దాకే ఉంటారు. మళ్లీ సోమవారమే. మీ బరువు చూడాలి, మీ పేరున కార్డు రాయాలి. పాపను కూడా చూపించాలి. జంపక్క చెప్పడం కాదు, మీరే మీ నోటితో చెప్పాలి డాక్టరు గారికి." కార్డు తీసి తన సంతకాలు చూసుకుంది. "మీ పేరు రాస్తే నేను పెట్టిన సంతకాలు అబద్ధమని తేలిపోద్ది. తేలనీయండి. తప్పు నాదీ ఉంది."

దడి అవతల డోలు వచ్చి ఆగింది. వేట గుంపు. "దూలన్నా, పొద్దెక్కుతాంది," అని కేకేశాడు భద్రయ్య. దూలయ్య తర్వాత గుంపులో లెక్కకొచ్చే మనిషి అతనే.

దూలయ్య విల్లుతో దడి దగ్గరికి నడిచాడు. చెబుదామనే నోరు తెరిచాడు. ఇరవై మంది మగవాళ్ళు తలపాగాలు చుట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నారు. "పనుంది," అన్నాడు. "ఈసారి ముందు నువ్వు నడువు." విల్లు భద్రయ్య చేతికిచ్చాడు. భద్రయ్య ముఖం వెలిగిపోయింది. తువ్వాలుతో మూతి తుడుచుకుని, విల్లు పైకెత్తి, గుంపును గుట్ట దారికి మళ్ళించాడు.

*

వేట రోజున అడవిలో ఉండాల్సిన మగవాడు రోడ్డు మీద కనబడితే ఆ ఊరి ఆడవాళ్ళు ఊరుకోరు. తాడు అడ్డం, పక్కన బిందెడు పేడనీళ్లు. ఏడాదికి ఒక్కరోజు వాళ్లదే రాజ్యం.

ముందు సుజన, వెనక పాపతో జంపక్క, ఆమె పక్కన పొరుగూరి మనిషి లచ్చయ్య. అందరికీ వెనక, ఎవరికీ ఊపిరి తగలనంత దూరంలో దూలయ్య. తాడు దగ్గర ముగ్గురినీ పోనిచ్చి నాలుగోవాడి ముందు తాడు బిగించారు. తాడు పట్టుకున్నవాళ్ళలో పెద్ద కళావతి, భద్రయ్య పెళ్ళాం.

"ఏంది దూలన్నా, గుంపును ఇడిసి పెండ్లం ఎంబడి పోతున్నవ్?"

"గుట్టల పులి గిట్ల కనపడ్డదేమో," అంది ఇంకొకతె. అందరూ విరగబడి నవ్వారు. బిందె పైకి లేచింది.

తాడు అవతల జంపక్క వెనుదిరిగి చూసింది. నాలుగు రోజుల తర్వాత దూలయ్య ఆ చూపును తప్పించుకోలేదు.

"దవాఖానకు పోతున్న," అన్నాడు గట్టిగా. "టీబీ జంపక్కకు లేదు. నాకున్నది. ఉమ్మింది నేను, పేరు దానిది. మొగోన్ని గదా అని దాచిపెట్టిన."

నవ్వులు ఆగిపోయాయి. బిందె పట్టుకున్నామె సుజన వైపు చూసింది. "తడుపొచ్చునా నర్సమ్మా, దగ్గున్నోన్ని?"

"తడిపితే జబ్బు పెరగదు," అంది సుజన. "తగ్గదు కూడా."

ఇంకేం. బిందె బోర్లింది. తల నుంచి కాళ్ళ దాకా ఆకుపచ్చటి నీళ్లు కారుతుంటే దూలయ్య కళ్ళు తుడుచుకుని నవ్వాడు. చాలా రోజులకు మనసారా నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ముఖం పక్కకు తిప్పి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరికీ భయపడకుండా కడుపారా దగ్గాడు.

తాడు అవతల ఆపి ఉంచిన లచ్చయ్య ఆటో ఇంజను మొదలైంది. జంపక్క అన్న పక్కన కూర్చుంది.

"దవాఖాన కాడికెల్లి ఇంటికే పోదాం, జంపక్కా," అన్నాడు దూలయ్య, కారుతున్న నీళ్లతోనే.

"పొల్లను జూపిచ్చి నేను మా అన్న ఇంటికే పోత. నా పేరు దవాఖాన బుక్కుల ఉన్నది. ఊరి నోట్లె ఉన్నది. ముందుగాల నా పేరు నాకు దెచ్చియ్యి. గప్పుడు వచ్చి పిలువు."

"ఇవాళే దెస్త. డాక్టరు ముంగట నేనే జెప్త."

"సూద్దాం."

దూలయ్య ఆటో వెనక భాగంలో ఒక కాలు పెట్టాడు. అప్పుడు కళావతి తాడు వదిలేసి సుజన దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది గానీ, అక్కడ అందరికీ వినబడింది.

"నర్సమ్మా, నా డబ్బ సంగతి ఏమైంది?"

"ఇంకా రాలేదమ్మా. సోమవారానికి చెప్తారు."

"అండ్ల ఉమ్మింది నేను గాదు."

కిందటి నెల సుజన ఈ ఊళ్ళో ఏడు డబ్బాలు పంచింది. ఏడూ ఆడవాళ్ళ పేర్లే. ఒక్క మగవాడికీ దగ్గు లేదా అని అప్పుడు నవ్వుకుంది కూడా.

"భద్రయ్యదా?" అని అడిగింది.

"అవ్. పొద్దుగాల తువ్వాల పిండితే ఎర్రగ దిగింది. గోలీలు మింగితే ఎర్ర రంగు దిగుతదంటరు గదా, మా ఆయన ఏ గోలీలు మింగలే నర్సమ్మా. మరి గది రంగేనా?"

సుజన సంచి కింద పెట్టేసింది. "కాదు. అది నెత్తురు. ఆ మనిషి గుట్ట ఎక్కకూడదు."

అందరూ గుట్ట వైపు తిరిగారు. డోలు చప్పుడు అప్పటికే సగం వాలు మీద ఉంది. వేట రోజున ఆడవాళ్ళు అడవిలో అడుగు పెట్టరు. గుంపు ఏ దారిన ఎక్కుతుందో లచ్చయ్యకు తెలియదు. మూడేళ్లు ముందు నడిచిన మనిషికి తెలుసు. ఆ మనిషి ఇప్పుడు పేడనీళ్లు కారుతూ, ఒక కాలు ఆటోలో, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడి ఉన్నాడు. డాక్టరు పన్నెండింటి దాకే. గుట్ట ఎక్కితే అతని ఊపిరి ఎంత దూరం వస్తుందో అతనికే తెలియదు. ఆటోలో పోతే భద్రయ్య మూడు రోజుల దాకా దిగడు.

దూలయ్య పాత అలవాటు చొప్పున పెళ్ళాం ముఖంలోకి చూశాడు, ఏం చెయ్యమంటావన్నట్టు.

జంపక్క పాప తల మీద కొంగు కప్పింది.

"నన్ను జూడకు," అంది. "ఈసారి నా నోటితోని జెప్పియ్యకు. ఎటు పోతవో నువ్వే జెప్పు."